డబ్బా వచ్చిన ఎండాకాలం

మా బాబాయ్‌ది హైదరాబాద్ రామంతాపూర్‌లో కేబుల్ టీవీ. 2013 ఫిబ్రవరి నాటికి నా ఇంజనీరింగ్ అయిపోయింది. అయిపోయిందంటే, రెండు సబ్జెక్టులు మిగిలాయి గానీ రోజూ కాలేజీకి పోవాల్సిన పని లేదు. ఒకరోజు పొద్దున ఫ్యాను కింద పడుకుని ఉంటే బాబాయ్ వచ్చి, "ఇంట్ల పండుకొని ఏం జేస్తవ్‌రా, నాతోని రా. నెల రోజుల పనే" అని బండెక్కించుకుపోయాడు. ఆ నెల రోజుల పని జూన్ దాకా సాగింది.

పని ఏంటంటే, బాబాయ్ లైన్లో ఉన్న ప్రతి ఇంట్లో సెట్‌టాప్ బాక్సు పెట్టడం. కేబుల్ టీవీ చట్టాన్ని 2011 చివర్లో సవరించారు. దేశమంతా కేబుల్లో అనలాగ్ ఆపేసి డిజిటల్ చేయాలన్నారు. ఒకేసారి కాదు, నాలుగు విడతల్లో. మొదటి విడత ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, 2012 అక్టోబర్ 31కి. రెండో విడత 38 నగరాలు, 2013 మార్చి 31కి. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ జాబితాలో ఉన్నవి హైదరాబాద్, విశాఖపట్నం. ఏ ఛానెల్ పెట్టినా కింద స్క్రోలింగ్ వచ్చేది, వెంటనే బాక్సు పెట్టించుకోండి, లేకపోతే బొమ్మ రాదు అని. మా కాలనీ వాళ్ళు దాన్ని బంగారం ధర స్క్రోలింగ్ చదివినట్టే చదివి వదిలేశారు.

బాబాయ్ 1993లో ఒక వీసీపీతో, నలభై ఇళ్ళతో మొదలుపెట్టాడట. రాత్రి తొమ్మిదికి క్యాసెట్ పెడితే నలభై ఇళ్ళలో ఒకే సినిమా. తర్వాత జీ, తర్వాత 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ఇక వైరు లేని ఇల్లు లేకుండా పోయింది. మా డాబా ఎక్కితే రామంతాపూర్ దూరదర్శన్ టవర్ కనిపిస్తుంది. ఆ టవర్ నీడలో ఉండి ఎవరికీ యాంటెన్నా లేకుండా చేసింది నేనే అని బాబాయ్ గొప్పగా చెప్పుకునేవాడు.

మొదటి వారం నాకిచ్చిన పని ఫారాలు నింపడం. ప్రతి కనెక్షన్‌కు ఒక దరఖాస్తు. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు జిరాక్సు, బాక్సు నంబరు, అందులో పెట్టే కార్డు నంబరు. ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కితేనే ఆ బాక్సులో బొమ్మ వస్తుంది. ఫారంలో ఒక గడి ఉంటుంది, ఇంట్లో ఎన్ని టీవీలు అని. ఇంత చిన్న ప్రశ్నకు ఇన్ని అబద్ధాలు వస్తాయని నేను ఊహించలేదు.

"ఒకటే బిడ్డా."

వెనక బెడ్రూంలో టీవీ మోగుతూనే ఉంటుంది. నేను అటు చూస్తే ఆవిడ కూడా అటు చూసి, "అది మా చెల్లెలిది, ఊరికి పోతూ పెట్టిపోయింది" అంటుంది. ఇంకో ఇంట్లో రెండో టీవీ చెడిపోయిందన్నారు, చెడిపోయిన టీవీ మీద ఎర్రలైటు వెలుగుతోంది. తప్పు వాళ్ళదని అనలేను. ఇరవై ఏళ్ళుగా ఒక వైరు ఇంట్లోకి వస్తే దానికి ఒక స్ప్లిటర్ తగిలించి ఎన్ని టీవీలైనా చూసుకున్నారు. ఇప్పుడు నేను పోయి టీవీకొక డబ్బా, డబ్బాకు 1,200, నెలనెలా డబ్బాకు వేరే బిల్లు అంటుంటే ఎవరు నిజం చెబుతారు?

ఒక మూడంతస్తుల ఇల్లుండేది. పుస్తకంలో ఒకటే కనెక్షన్, ఓనర్‌ది. బాక్సు పెట్టడానికి పోతే మెట్ల కింద అరచేయంత ఎనిమిది దారుల స్ప్లిటర్ దొరికింది. అద్దెకున్న ఐదు పోర్షన్లకూ ఓనరే వైరు ఇచ్చి, కేబుల్ బిల్లు అని తలా వంద వసూలు చేసుకుంటున్నాడు. బాబాయ్‌కి కట్టేది నెలకు 180. బాబాయ్ ఆ స్ప్లిటర్‌ను ఊడదీసి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "అన్నా, నాకంటే నువ్వే పెద్ద కేబులోనివి గదనే" అన్నాడు. ఓనర్ నవ్వాడు గానీ మొహం మాడింది. ఎందుకంటే డిజిటల్ సిగ్నల్‌ను స్ప్లిటర్‌తో ఎన్ని ముక్కలు చేసినా, బాక్సు, అందులో కార్డు లేకపోతే టీవీకి ఏమీ అర్థం కాదు. అద్దెకున్నవాళ్ళు ఆ నెల నుంచి నేరుగా మాకే కట్టారు.

అయితే దొంగ లెక్క ఓనర్‌ది ఒక్కటే కాదు. అది చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు. ఉపగ్రహం నుంచి ఛానెళ్ళు దించి వైరు మీద మా దాకా పంపే పెద్ద కంపెనీని ఎమ్మెస్వో అంటారు. వీధుల్లో వైర్లు లాగి ఇంటింటికీ ఇచ్చే బాబాయ్ లాంటి వాళ్ళు ఎల్సీవోలు. ఎన్ని ఇళ్ళున్నాయో ఎల్సీవో చెప్పిన దాన్ని బట్టి ఎమ్మెస్వోకు డబ్బు కట్టాలి. అనలాగ్‌లో లెక్కపెట్టే మిషనేదీ లేదు. రెండో వారం నేను ఫారాలు కట్టలు కడుతుంటే బాబాయ్ లైన్లో ఇళ్ళు 430 తేలాయి. కంపెనీకి తెలిసినవి 110. నేను ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే బాబాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అందరం అంతేరా. వాళ్ళు ఛానెలోళ్ళకు తక్కువ చెప్తరు, మేం వాళ్ళకు తక్కువ చెప్తం, ఆ ఓనరు మాకు తక్కువ చెప్తడు." ప్రభుత్వం డిజిటల్ వైపు ఎందుకంత గట్టిగా తోసిందో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. బొమ్మ బాగుంటుంది, ఛానెళ్ళు పెరుగుతాయి అన్నవి నిజమే. కానీ అసలు ఆ డబ్బా చేసే పని తలలు లెక్కపెట్టడం.

జనంలో పుకార్లకు లోటు లేదు. పాత టీవీలు ఇక పనిచేయవట, ఎల్‌సీడీ కొనాలట అని సగం కాలనీ నమ్మింది. ఆ మాట ఎక్కువగా ఎక్కడ వినిపించిందో చెప్పనక్కర్లేదు, టీవీలమ్మే షాపుల్లో. పాత డబ్బా టీవీ అయినా వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటే చాలు, మూడు వైర్లు గుచ్చితే అయిపోతుంది అని ఇంటింటికీ చెప్పాను. కరెంటు బిల్లు పెరుగుతుందని ఒకాయన పడుకునేముందు మెయిన్ ఆపేసేవాడు. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "మనం ఏం చూస్తున్నమో ఢిల్లీల తెలుస్తదట కదా" అని గుసగుసగా అడిగాడు. మేం పెట్టే బాక్సు ఒకవైపు నుంచి వినడమే తప్ప తిరిగి మాట్లాడలేదు, ఏం తెలియదు తాతా అన్నాను. ఆయన నమ్మలేదు. బాక్సు మీద తువ్వాలు కప్పి ఉంచేవాడు. ఎండాకాలం, బాక్సు వేడెక్కి రెండుసార్లు ఆగిపోయింది కూడా.

డబ్బు సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. కాలనీ వెనక బస్తీలో డెబ్బై ఇళ్ళు మావే. చాలామంది టీవీలు పాత సామాను దుకాణంలో పదిహేను వందలకు కొన్నవి. టీవీ పదిహేను వందలైతే దాని నెత్తి మీద పెట్టే డబ్బా పన్నెండు వందలా అని ఒకామె అడిగింది. జవాబు లేదు. "భయ్యా, డబ్బా నై లియే తో క్యా హోతా?" అని ఇంకొకతను అడిగాడు. ఏమీ కాదు, ఒకరోజు పొద్దున తెర మీద చుక్కలొస్తాయి అన్నాను. టీవీ, ఫోన్ల మీద నియమాలు పెట్టే సంస్థ ట్రాయ్, వంద రూపాయలకు వంద ఉచిత ఛానెళ్ళ ప్యాకేజీ ఒకటి ఉండాలని నియమం పెట్టింది, అది చెప్పినా ఎవరికీ ఊరట కలగలేదు. అందరికీ కావాల్సిన నాలుగు తెలుగు ఛానెళ్ళూ ఆ వందలో లేవు. చివరికి బాబాయ్ 300 చొప్పున నాలుగు వాయిదాలు పెట్టాడు. నా దగ్గర ఒక నూరు పేజీల నోటుబుక్కు, అందులో ఇంటి నంబరు, ఎదురుగా నాలుగు గళ్ళు. నాలుగూ నిండినవి కొన్నే. పదిహేడు ఇళ్ళు ఒక్క గడి కూడా నిండలేదు. బాబాయ్ వాళ్ళ డబ్బాలు ఊడదీయమనలేదు, నేనూ అడగలేదు.

మార్చిలో అసలు పని మొదలైంది. అప్పటిదాకా బాక్సు తగిలించడమంటే వైరు ఇక్కడ ఊడదీసి అక్కడ గుచ్చడమే అనుకున్నాను. అనలాగ్ బొమ్మ మెల్లమెల్లగా పాడవుతుంది. సిగ్నల్ తగ్గితే చుక్కలు, ఇంకా తగ్గితే వాన. ఆ వానలోంచి కూడా ఎవరు డాన్సు చేస్తున్నారో గుర్తుపట్టి చూస్తారు మనవాళ్ళు. డిజిటల్‌కు ఆ మొహమాటం లేదు. ఒక గీత దాకా అద్దంలా ఉంటుంది. గీత దాటిందా, బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరి, మాట ముక్కలై, 'నో సిగ్నల్' అని పడుతుంది. ఇరవై ఏళ్ళుగా వానలో టీవీ చూసిన ఇళ్ళన్నీ ఒక్కసారిగా మా ఫోను మీద పడ్డాయి.

తప్పు వైర్లలో ఉంది. ఎక్కడ తెగితే అక్కడ రెండు కొసలు పళ్ళతో ఒలిచి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేసిన అతుకులు. డాబాల మీద ఎండకు పగిలి, వానకు లోపల రాగి పచ్చబడిన వైర్లు. కోతులు కొరికినవి. మామిడికాయ ముక్కలు ఆరబెట్టిన చీరకు తాడుగా కట్టినవి కూడా చూశాను. బాబాయ్ ఇంతకాలం వాడిన పరీక్ష పరికరం ఒక పద్నాలుగు అంగుళాల పాత టీవీ. బండి మీద ముందు పెట్టుకుని స్తంభం దగ్గరికి పోయి, వైరు గుచ్చి, "బొమ్మ మంచిగనే ఉంది" అనేవాడు. ఇప్పుడు దాంతో పని కాదని, తొమ్మిది వేలు పెట్టి సిగ్నల్ కొలిచే మీటర్ కొన్నాడు. దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

స్తంభం నుంచి ఇంటి దాకా కొత్త ఆర్జీ-6 వైరు, చివర్లకు టూల్‌తో నొక్కే ఎఫ్ కనెక్టర్లు. రోజుకు ఆరేడు ఇళ్ళు. రెండో రోజుకే బొటనవేలు బొబ్బలెక్కింది. పై జాలీని వెనక్కి మడిచి, లోపలి తెల్ల ప్లాస్టిక్‌ను గీరు పడకుండా కోసి, రాగి తీగ గోరంత బయటకు ఉంచి నొక్కాలి. జాలీలో ఒక్క వెంట్రుక తీగ లోపలి రాగికి తగిలినా ఆ ఇంట్లో బొమ్మ రాదు. ఒక ఇంట్లో అలాంటి వెంట్రుక కోసం గంటన్నర వెతికాను. ఆ ఇంటావిడ మూడుసార్లు టీ ఇచ్చింది, మూడోసారి "నీకు రాకపోతే మీ బాబాయ్‌ని పిలువు బిడ్డా" అని కూడా అంది.

వీటన్నిటికంటే కష్టం రిమోట్లు. ఇప్పటిదాకా ఒక రిమోట్. ఇప్పుడు రెండు. టీవీది ఒకటి, డబ్బాది ఒకటి. టీవీని ఏవీలో, అంటే డబ్బా బొమ్మ చూపించే మోడ్‌లో, పెట్టి ఉంచాలి, ఛానెల్ డబ్బా రిమోట్‌తో మార్చాలి. పొరపాటున టీవీ రిమోట్‌లో ఛానెల్ నొక్కితే ఏవీ పోయి తెల్ల చుక్కలు. మా ఫోన్లలో మూడోవంతు ఇవే. పోయి ఒక్క బటన్ నొక్కి రావడం. కొందరి టీవీల రిమోట్లు ఏనాడో పోయాయి, టీవీ మీద ఏవీ బటనే ఉండదు. వాళ్ళకు ఏ టీవీకైనా పనిచేసే లోకల్ రిమోట్ కొనుక్కెళ్ళి ఇచ్చేవాణ్ణి.

ఛానెల్ నంబర్లు కూడా మారిపోయాయి. ఐదు నొక్కితే జెమిని, ఏడు నొక్కితే ఈటీవీ అని వేళ్ళకు గుర్తుండిపోయినవి మూడంకెల నంబర్లయ్యాయి. నంబర్ల పట్టీ జిరాక్సు తీసి ఇంటింటికీ ఇచ్చాం. చాలా ఇళ్ళలో అది క్యాలెండర్ పక్కన మేకుకు చేరింది. కానీ మా వెనక వీధి అవ్వకు చదువు రాదు. కొడుకు, కోడలు పొద్దున పోతే రాత్రికి వస్తారు, పగలంతా ఆమె, టీవీ. డబ్బా పెట్టిన మర్నాడే మా దుకాణం దాకా నడిచొచ్చింది, రిమోట్ కొంగులో చుట్టుకుని. "ఇది నాకొద్దు. పాతదే ఇయ్యి" అంది. పాతది లేదవ్వా అంటే వినదు. ఆమెతో ఇంటికి పోయాను. ఆమె చూసేవి మూడు ఛానెళ్ళు. వాటిని డబ్బాలో ఫేవరెట్లుగా పెట్టాను. ఇక ఆమె నొక్కాల్సినవి రెండే, పవర్, ఫేవరెట్. అయినా నలభై బటన్లలో ఆ రెండూ ఎక్కడున్నాయో మర్చిపోతోంది. నేను ఇన్సులేషన్ టేపు ముక్కలు కోస్తుంటే ఆమె లేచి వెళ్ళి అద్దం మీద నుంచి బొట్టుబిళ్ళలు తెచ్చింది. కోడలివి. పవర్ మీద ఎర్రది, ఫేవరెట్ మీద పచ్చది. టీవీ రిమోట్‌ను మాత్రం నేను అటక మీద పెట్టేశాను, టీవీ రాత్రికి కొడుకే ఆపుకుంటాడని. సాయంత్రం కోడలు ఫోన్ చేసింది, నా స్టిక్కర్లు ఏవని.

ఆ తర్వాత నా సంచిలో ఒక బొట్టుబిళ్ళల పాకెట్ ఎప్పుడూ ఉండేది. ఎనభై ఇళ్ళలో అయినా అతికించి ఉంటాను.

ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన తాతయ్య ఒకాయన ఉండేవారు. ఆయన ఇల్లు అందరూ చివరికి నెట్టేసిన ఇల్లు, ఎందుకంటే ఆయనది ఈసీ టీవీ. ఈసీఐఎల్ వాళ్ళే చేసినది, చెక్క పెట్టె, పక్కన నిలువుగా ఎనిమిది బటన్లు. వెనక పసుపు, ఎరుపు రంధ్రాలేమీ లేవు. యాంటెన్నా వైరు బిగించే రెండు స్క్రూలు, వాటికి కేబుల్ వైరు కలిపే చిన్న బాలన్, అంతే. కొత్త టీవీ కొనుక్కోండి తాతయ్యా అన్నాను. ఆయన కోపగించుకోలేదు, కూర్చోమన్నారు.

1975లో పల్లెలకు ఉపగ్రహం ద్వారా నేరుగా టీవీ చూపించే ప్రయోగం జరిగింది, సైట్ అంటారు. అమెరికా వాళ్ళ ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. మూడు మీటర్ల కోళ్ళ జాలీ గొడుగు, దానికో టీవీ, ఊరికొకటి. ఆ సెట్లు తయారైంది ఈసీఐఎల్‌లోనే. తాతయ్య అప్పుడు కుర్రాడు, ఆ సెట్లు కొన్నిటికి ఆయన చేత్తో సోల్డరింగ్ చేశారట. "అప్పుడు ఊళ్ళోకి పోయి జాలీ నిలబెట్టి, టీవీ పెట్టి, జనానికి చూడ్డం నేర్పి వచ్చేవాళ్ళు మావాళ్ళు. ఇప్పుడు నువ్వొచ్చావు నాకు నేర్పడానికి" అన్నారు.

కోఠి గుజరాతీ గల్లీకి పోయి మాడ్యులేటర్ తెచ్చాను, రెండు వందల యాభై. డబ్బా నుంచి వచ్చే మూడు వైర్లు దానికి గుచ్చితే అది మళ్ళీ పాతకాలం యాంటెన్నా సిగ్నల్‌గా మార్చి ఇస్తుంది. తాతయ్య టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. బటన్ల కింద చిన్న మూత తీస్తే లోపల పంటి చక్రాల్లా సన్నటి చక్రాలు ఎనిమిది, ఒక్కో బటన్‌కు ఒకటి. అగ్గిపుల్లతో మూడో చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పారు. చుక్కలు, చుక్కలు, ఒక్కసారి నీలం మెరిసి పోయింది. వెనక్కి తిప్పారు. బొమ్మ నిలబడింది, రంగులతో. మాట లేదు. బుస్సుమని చప్పుడు.

నేను వాల్యూమ్ పెంచాను, తగ్గించాను, వైర్లు మార్చాను. ఆయన మాడ్యులేటర్‌ను చేతిలోకి తీసుకుని బోర్లించి చూశారు. "చైనాదా?" అన్నారు. అవునన్నాను. "వాళ్ళకు సౌండు ఆరున్నర మెగాహెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది, మనకు ఐదున్నర. నీ బి.టెక్‌లో చెప్పలేదా?" చెప్పే ఉంటారు. నాకు మిగిలిన రెండు సబ్జెక్టుల్లో అదొకటి. ఆయన నాలుగు స్క్రూలు విప్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, బోర్డును కంటికి ఆనించుకుని చూశారు. మూలన బియ్యపుగింజంత జంపర్. గుండుసూదితో దాన్ని ఒక గడి పక్కకు జరిపారు. టీవీలో ఎవరో వంకాయ కూర గురించి చెబుతున్నారు, గొంతు గదంతా నిండింది. తాతయ్య స్క్రూలన్నీ తిరిగి బిగించాకే లేచారు. నాకు ఆ డిసెంబర్‌లో ఆ సబ్జెక్టు పాసైంది. జవాబు పత్రంలో ఐదున్నర మెగాహెర్ట్‌జ్ అని రాసేటప్పుడు వంకాయ కూర గుర్తొచ్చింది.

మార్చి 31 ఆదివారం. ఆ అర్ధరాత్రి ఏదో జరిగిపోతుందని కాలనీలో కొందరు మేలుకుని కూర్చున్నారు. ఏమీ జరగలేదు. గడువు పెరిగిందట, కోర్టులో కేసు ఉందట అని రోజుకో మాట. మా ఏరియాలో అనలాగ్ ఒక్క రాత్రిలో పోలేదు, వాయిదాల్లో పోయింది. ముందు ఎవరూ చూడని ఛానెళ్ళు తీశారు, తర్వాత హిందీవి, తర్వాత ఇంగ్లీషువి. ఇంకా డబ్బా తీసుకోనివాళ్ళు ప్రతిసారీ, "మాకు తెలుగు వస్తుంది కదా, చాల్లే" అన్నారు.

మధ్యలో ఐపీఎల్ వచ్చింది. సన్‌రైజర్స్‌కు అది మొదటి ఏడాది. ఏప్రిల్ 5న ఉప్పల్‌లో పుణె మీద వాళ్ళ మొదటి మ్యాచ్. స్టేడియం మాకు దగ్గరే, డాబా మీదుంటే జనం అరుపు వినిపిస్తుంది. మా వీధిలో అప్పటికి సగం ఇళ్ళు డిజిటల్, సగం అనలాగ్. వికెట్ పడితే ముందు స్టేడియం నుంచి హోరు. కాసేపటికి అనలాగ్ ఇళ్ళ అరుపు. ఆ తర్వాత మూడు, నాలుగు సెకన్లకు డిజిటల్ ఇళ్ళ అరుపు. సిగ్నల్‌ను కుదించి, కలిపి, మళ్ళీ విప్పడానికి ఆ మాత్రం టైం పడుతుంది. కానీ పన్నెండు వందలు పోసిన కుర్రాళ్ళకు అది చెబితే ఎక్కుతుందా? పక్కింటోడు వికెట్ అని ముందే అరిచేస్తున్నాడు, నా డబ్బా స్లో ఉంది, మార్చు అని ముగ్గురు ఫోన్లు. హైదరాబాద్ గెలిచింది కాబట్టి సరిపోయింది.

మే మొదట్లో ఒక సాయంత్రం అనలాగ్‌లో జెమిని, ఈటీవీ, మా టీవీ కూడా తీసేశారు. రాత్రి పదికల్లా అరవై ఒక్క ఫోన్లు. మర్నాడు పొద్దున దుకాణం షట్టర్ ఎత్తేసరికి బయట లైను. రెండు నెలలుగా తలుపు తీయని ఇళ్ళవాళ్ళు కూడా ఆధార్ జిరాక్సు పట్టుకుని నిలబడ్డారు. దుకాణంలో ఉన్నవి ఇరవై రెండు డబ్బాలు. కంపెనీకి ఫోన్ చేస్తే రేపు అన్నారు. రేపటికి రాలేదు. మూడో రోజుకు వచ్చినవాటిలో ఐదు పనిచేయలేదు. ఆ మూడు రోజులు బాబాయ్ వీధిలో నడవడం మానేసి బండి మీదే తిరిగాడు, ఆపకుండా. ఆ మూడు రోజుల్లోనే నలభై ఇళ్ళు డిష్ పెట్టించుకున్నాయి. డాబాల మీద కొత్త గొడుగులు కనబడుతుంటే బాబాయ్ లెక్కపెట్టడం నేను చూశాను.

డబ్బా లెక్క కంపెనీ కంప్యూటర్లో ఎక్కాక బాబాయ్ 110 అనడానికి వీల్లేకపోయింది. ట్రాయ్ వాటాలు నిర్ణయించింది. ఎమ్మెస్వో, ఎల్సీవో మాట్లాడుకుని ఒప్పందం చేసుకోకపోతే, ఆ ఉచిత ఛానెళ్ళ ప్యాకేజీ డబ్బులో వందకు 55 కంపెనీకి, 45 ఆపరేటర్‌కు. విడిగా డబ్బు కట్టి చూసే పే ఛానెళ్ళలో 65, 35. స్తంభాలు ఎక్కేది, రాత్రి పదకొండుకు తిట్లు తినేది, వాయిదా డబ్బు రానప్పుడు మునిగేది ఆ 35 వాడే. తక్కువ చెప్పి బతికిన రోజులు సరైనవని నేను అనను. కానీ ఆ వాటా రాసినవాళ్ళు ఒక్కరోజు మే నెల ఎండలో బాబాయ్ వెనక నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంటే అంకెలు కొంచెం వేరుగా ఉండేవని అనుకుంటాను. బాబాయ్ ఇంకో రెండేళ్ళు నడిపి, కనెక్షన్‌కు ఇంత అని లెక్కగట్టి లైనంతా ఇంకొకరికి అమ్మేశాడు. ఇప్పుడు అదే దుకాణంలో సీసీ కెమెరాలు పెడుతున్నాడు. అదే ఎఫ్ కనెక్టర్ టూల్ ఇంకా గోడకు వేలాడుతూ ఉంటుంది.

నాలుగో విడత, అంటే పల్లెలు, గడువులు జరుగుతూ జరుగుతూ 2017 మార్చి 31కి వచ్చింది. ఆ మార్చిలో నేను సూర్యాపేట దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాను. పొద్దున పదింటికి ఒక కుర్రాడు వచ్చాడు, భుజాన వైరు చుట్ట, చేతిలో ఫారాల కట్ట. మామయ్య మంచం మీద పేపర్ చదువుతున్నాడు. కుర్రాడు పేరు రాసుకున్నాడు, ఆధార్ నంబరు రాసుకున్నాడు.

"ఇంట్ల ఎన్ని టీవీలున్నయ్ మామా?"

"ఒకటే" అన్నాడు మామయ్య, పేపర్‌లోంచి తలెత్తకుండా.

వెనక గదిలో అత్తయ్య పెట్టిన సీరియల్ మోగుతోంది. ముందు గదిలో పిల్లలు పెట్టిన కార్టూన్ మోగుతోంది. కుర్రాడు ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. నేను మామయ్య చదివిన పేపర్ ముక్క తీసుకుని చదువుకుంటున్నాను. గడిలో 1 అని రాసుకుని పక్కింటికి పోయాడు.